నాన్నా, మీ నిజాయితీ మాకేం పెట్టింది?

ప్రశ్న: నాకు అరవై నాలుగేళ్లు. ఒక ప్రభుత్వ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఏనాడూ కాంట్రాక్టరు దగ్గర పర్సంటేజీ తీసుకోలేదు. పని ఎంత జరిగితే ఎం-బుక్‌లో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, అంతే రాశాను. అందుకు ఆఫీసులో హరిశ్చంద్రుడని ఎగతాళి చేశారు, మారుమూల పోస్టులకు తిప్పారు. పిల్లల చదువులు పాడవకూడదని కుటుంబాన్ని ఊళ్లోనే ఉంచి నేనొక్కణ్ణే తిరిగాను. నాతో పాటు ఉద్యోగంలో చేరినాయనకు ఇవాళ మూడు చోట్ల ఇళ్లున్నాయి. నాకున్నది ఒక ఇల్లు, పింఛను. మొన్న మా అబ్బాయి హైదరాబాద్‌లో ఫ్లాటు కొంటూ ముందు కట్టాల్సిన డబ్బుకి సాయం అడిగాడు. అంత నా దగ్గర లేదన్నాను. "నాన్నా, మీ నిజాయితీ మాకేం పెట్టింది?" అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి సరిగ్గా నిద్ర లేదు. ఈమధ్య లైబ్రరీలో గ్రీకు తత్వవేత్తల మీద ఒక పుస్తకం చదివాను. సద్గుణంతో బతికినవాడే సుఖి అని వాళ్లు తేల్చారట. అదే నిజమైతే నాకీ బాధ ఎందుకు? ఇల్లు అమ్మి వాడికి ఇచ్చేయనా?
— పేరు వేయవద్దన్న పాఠకుడు, ప్రకాశం జిల్లా

సమాధానం:

అయ్యా, ముందు ఆ పుస్తకంలో మాట సరిచెయ్యాలి. గ్రీకులు అలా ఏమీ తేల్చలేదు. గుణవంతుడు సుఖపడతాడా, సుఖం దక్కకపోయినా గుణాన్ని నిలుపుకోవాలా, అసలు సుఖమంటే ఏమిటి అని సోక్రటీస్ కాలం నుంచి కొన్ని వందల ఏళ్లు వాదించుకున్నారు. గురువు ఒకటంటే శిష్యుడు ఇంకొకటన్నాడు. మీ అబ్బాయి అడిగిన ప్రశ్నా వాళ్లకు కొత్తది కాదు. దాన్ని అంతకన్నా ఘాటుగా అడిగినవాడు సోక్రటీస్ శిష్యుడు ప్లేటోకి స్వయానా అన్న గ్లాకన్.

ప్లేటో రాసిన 'రిపబ్లిక్' రెండో భాగంలో గ్లాకన్ ఒక కథ చెబుతాడు. లిడియా దేశంలో రాజుగారి గొర్రెలు కాసేవాడొకడు. భూకంపం వచ్చి నేల విచ్చుకుంటే ఆ గోతిలోకి దిగాడు. అక్కడ ఒక కంచు గుర్రం, దాని లోపల మనిషికన్నా పెద్ద శవం, శవం వేలికి బంగారు ఉంగరం. ఉంగరం తీసుకుని పైకి వచ్చాడు. దాని రాయిని అరచేతి వైపు తిప్పితే తాను ఎవరికీ కనపడడని తర్వాత తెలిసింది. తెలిసిన వెంటనే రాజభవనంలో చేరాడు, రాణిని లోబరుచుకున్నాడు, రాజుని చంపాడు, సింహాసనం ఎక్కాడు. పట్టుబడమని తెలిస్తే మంచివాడూ చెడ్డవాడూ ఒకే పని చేస్తారు, నిజాయితీ అంటే భయమే కదా అంటాడు గ్లాకన్. అంతటితో ఊరుకోడు. పూర్తి నీతిమంతుణ్ణి తీసుకుని అతని మంచిపేరు కూడా లాగేద్దాం అంటాడు. లోకమంతా అతన్ని దొంగ అనుకుంటుంది. కొరడాలతో కొడతారు, కళ్లు పొడుస్తారు, చివరికి కొరత వేస్తారు. ఇంకోపక్క అసలైన దుర్మార్గుడు పెద్దమనిషిగా చెలామణీ అవుతూ, సిరిసంపదలతో దేవుళ్లకు కానుకలిస్తూ బతుకుతాడు. ఇప్పుడు చెప్పు సోక్రటీస్, ఈ ఇద్దరిలో ఎవరు సుఖి?

దీనికి సోక్రటీస్ నోట ప్లేటో చెప్పించిన జవాబు మిగతా పుస్తకమంతా సాగుతుంది. టూకీగా చెప్పాలంటే: అన్యాయం చేసినవాడి మనసులోనే పొత్తు చెడుతుంది, ఆశ రాజై బుద్ధి బానిస అవుతుంది, లోకాన్ని దోచుకున్న నియంత లోపల అందరికన్నా దరిద్రుడు. ధర్మరాజ్యం ఏలినవాడి సుఖం నియంత సుఖానికి 729 రెట్లని లెక్క కూడా కట్టారు. ఆ లెక్క నన్ను ఎన్నడూ ఒప్పించలేదు. మీకు మాత్రం ఒకటి చెప్పగలను: మీతో చేరినాయన లోలోపల కుమిలిపోతున్నాడనుకుని ఊరట పొందకండి. ఆయన హాయిగానే నిద్రపోతూ ఉండవచ్చు. ఆయన దుఃఖం మీద మీ సుఖాన్ని నిలబెడితే, ఆయన నవ్వుతూ ఎదురైన రోజున అది కూలిపోతుంది.

ప్లేటో తర్వాత దారి రెండుగా చీలింది. స్టోయిక్‌లనే తత్వవేత్తలు గుణం ఒక్కటే చాలునన్నారు. డబ్బు, ఆరోగ్యం, పిల్లలు ఉంటే సంతోషమే, లేకపోయినా సుఖానికి లోటు లేదన్నారు. మీరు చదివిన పుస్తకం బహుశా వాళ్ల మాటనే గ్రీకులందరికీ అంటగట్టి ఉంటుంది. వాళ్లకు ముందే ప్లేటో శిష్యుడు అరిస్టాటిల్ ఇలాంటి మాటను ఒప్పుకోలేదు. చిత్రహింస పెట్టే చక్రం మీద నలుగుతున్నవాడు కూడా మంచివాడైతే చాలు, సుఖి అనేవాళ్లు అర్థం లేని మాటలు మాట్లాడుతున్నారని 'నికోమేకియన్ ఎథిక్స్'లో రాశాడు. సుఖానికి గుణం మూలం. కానీ స్నేహితులు, కొంత ధనం, మంచి పిల్లలు లేకపోతే సుఖానికి ఏదో ఒక వెలితి ఉంటుందని పేర్లు పెట్టి మరీ చెప్పాడు. ట్రాయ్ రాజు ప్రియామ్‌ని గుర్తు చేశాడు. జీవితమంతా వైభవంగా బతికి, ముసలితనంలో కొడుకుల్నీ రాజ్యాన్నీ పోగొట్టుకున్న మనిషి. అలాంటివాణ్ణి ఎవరూ సుఖి అనరన్నాడు.

కన్న కొడుకు మాటకి గుండె కలుక్కుమంటే అది మీ గుణంలో లోపం కాదు. మీ బాధ ఎందుకో అరిస్టాటిల్‌కి బాగా అర్థమయ్యేది. మనిషి చచ్చిపోయాక కూడా పిల్లల మంచిచెడ్డలు అతని సుఖాన్ని ఏ కొంచెమైనా తాకుతాయా అని ఆ పుస్తకంలో పనిగట్టుకుని చర్చించినవాడు ఆయన. తన పిల్లల సంగతీ ఆయన గాలికి వదిలెయ్యలేదు. క్రీ.పూ. 322లో కాల్సిస్ అనే ఊళ్లో పోయేముందు రాసిన వీలునామా మనకు దక్కింది. అందులో కూతురి పెళ్లి, తనతో కాపురం చేసిన హెర్పిలిస్‌కి ఉండడానికి ఇల్లు, తనకు సేవ చేసిన బానిస కుర్రాళ్లని అమ్మకూడదన్న షరతు అన్నీ ఉన్నాయి. బానిసలు అన్నాను కదా, ఇది కూడా గుర్తుంచుకోవాలి. సుఖానికి ఆస్తి కావాలన్న అరిస్టాటిల్ బానిసలున్న యజమాని. ఏమీ అక్కర్లేదన్న స్టోయిక్ ఎపిక్టెటస్ రోమ్‌లో బానిసగా బతికినవాడు. ఉన్నవాడు అవసరమన్నాడు, లేనివాడు అక్కర్లేదన్నాడు. ఈ ఇద్దరినీ కలిపి చదివినప్పుడే నాకు ఈ తగువు లోతు తెలిసింది.

ప్రియామ్ గురించి అరిస్టాటిల్ అక్కడితో ఆపలేదు. పెద్ద దెబ్బలు తగిలినా మంచివాడు సుఖానికి దూరమవుతాడేమో గానీ దీనుడు కాడన్నాడు. ఆ దెబ్బల్ని మనసు మొద్దుబారి కాకుండా ఉదాత్తతతో భరించినప్పుడు అతని గుణం వాటిలోంచి కూడా మెరుస్తుందన్నాడు. మంచి చెప్పులు కుట్టేవాడు తన చేతికొచ్చిన తోలుతోనే కుదిరినంత మంచి జోడు కుడతాడు, మంచివాడూ అలాగే తనకు దక్కిన పరిస్థితుల్లో చెయ్యగలిగిన మేలైన పని చేస్తాడని పోలిక చెప్పాడు. మీకు దక్కిన తోలు మారుమూల పోస్టు. దాంతో మీరు కుట్టింది సరైన కొలతలున్న ఎం-బుక్. మీరు సంతకం పెట్టిన కల్వర్టు మీదుగా ఇవాళ్టికీ ఏదో బస్సు వెళుతూ ఉంటుంది. మీ అబ్బాయి అడిగిన "మాకేం పెట్టింది"లో 'మాకు' అన్న లెక్కలోకి ఆ బస్సులో జనం రారు. అరిస్టాటిల్ లెక్కలోకి వస్తారు. గుణాల్లో న్యాయం ఒక్కటే 'ఎదుటివాడి మేలు'లా కనిపిస్తుందని ఆయన రాశాడు. దాని ఫలం చేసినవాడి ఇంటికి రాకపోవడం దాని స్వభావంలోనే ఉంది.

ఇప్పుడు కొంచెం కటువైన ప్రశ్న అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ కొలతలు సరిగ్గా రాసిన రోజుల్లో మీకు సంతోషంగా ఉండేదా? ఎందుకు అడుగుతున్నానంటే, న్యాయమైన పని చేసి ఆనందించలేనివాణ్ణి న్యాయవంతుడు అనలేమంటాడు అరిస్టాటిల్. ఆశ పుట్టినా దాన్ని బిగపట్టి నిలబడ్డవాడు గొప్పవాడే, కానీ ఆయన అతన్ని ఇంకో మెట్టు మీద, కొంచెం కిందగా నిలబెట్టాడు. మీ ఉత్తరంలో ఆ రోజుల గురించి ఒక్క సంతోషమైన మాట లేదు. ఎగతాళి ఉంది, బదిలీలు ఉన్నాయి, ఇంకొకాయన మూడిళ్లు ఉన్నాయి. మీకు ఆనందం లేదని నేను అనను. బహుశా ఉంది, కానీ ఎవరితోనూ చెప్పుకోలేదు. ఇంట్లోవాళ్లకు మీ నిజాయితీ ఎప్పుడూ ఒక నష్టంగా, ఒక ఓర్పుగా మాత్రమే కనిపించి ఉంటుంది. ఇక మీ అబ్బాయి దాన్ని జమాఖర్చుల్లోనే చూశాడంటే ఆశ్చర్యం ఏముంది?

ఇక్కడ మీకు ఒక తండ్రీకొడుకుల కథ చెప్పాలి. ఈ సమాధానం రాయడానికి అసలు కారణం అదే.

ఏథెన్స్‌లో అరిస్టైడిస్ అనే నాయకుడుండేవాడు. జనం ఆయన్ని 'న్యాయవంతుడు' అనే పిలిచేవాళ్లు. ఆ ఊళ్లో ఒక విచిత్రమైన ఆచారం ఉండేది. తమకు వద్దనుకున్న నాయకుడి పేరు పౌరులు కుండ పెంకు మీద గీసి వేస్తే, ఆ నాయకుడు పదేళ్లు ఊరొదిలి పోవాలి. క్రీ.పూ. 482 ప్రాంతంలో ఆ వేటు అరిస్టైడిస్ మీద పడింది. ఆ రోజున చదువురాని పల్లెటూరి మనిషి ఒకడు, ఎవరని తెలియక, పెంకు ఆయన చేతికే ఇచ్చి 'అరిస్టైడిస్ అని రాసిపెట్టు' అన్నాడట. "ఆయన నీకేం అపకారం చేశాడు?" అని అడిగితే, "ఏమీ లేదు, ఆయనెవరో కూడా నాకు తెలీదు. ఎక్కడ విన్నా న్యాయవంతుడు, న్యాయవంతుడు అంటుంటే విసుగొచ్చింది" అన్నాడు. అరిస్టైడిస్ మారు మాట లేకుండా తన పేరు తానే రాసిచ్చాడు. ఈ కథ చెప్పింది ప్రాచీన కాలంలో గొప్పవాళ్ల జీవితచరిత్రలు రాసిన ప్లూటార్క్. అరిస్టైడిస్ పేరు గీసిన పెంకులు ఏథెన్స్ తవ్వకాల్లో నిజంగానే దొరికాయి.

రెండేళ్లు తిరక్కుండానే పర్షియా దండయాత్ర వచ్చింది, ఆయన్ని వెనక్కి పిలిచారు. సలామిస్ సముద్రయుద్ధంలో పోరాడాడు, 479లో ప్లేటియా యుద్ధంలో ఏథెన్స్ సేనకు నాయకత్వం వహించాడు. తర్వాత గ్రీకు నగరాల కూటమిలో ఎవరు ఎంత చందా కట్టాలో నిర్ణయించే పని ఆయనకే అప్పగించారు. మొత్తం 460 టాలెంట్ల వెండి (టాలెంట్ అంటే అప్పటి ఒక పెద్ద తూకం). మీ భాషలో చెప్పాలంటే ఎం-బుక్ అంతా ఆయన చేతిలోనే ఉంది. పేదవాడిగా వెళ్లి అంతకన్నా పేదవాడిగా తిరిగొచ్చాడంటాడు ప్లూటార్క్. పోయినప్పుడు అంత్యక్రియలకు సరిపడా డబ్బు ఇంట్లో లేక నగరమే సమాధి కట్టించిందట. ఇద్దరు కూతుళ్లకు నగరమే తలా 3000 డ్రాక్మాల కట్నమిచ్చి పెళ్లిళ్లు చేసిందట. ఆ శతాబ్దం చివర్లో నిపుణుడైన పనివాడి రోజుకూలీ ఒక డ్రాక్మా. కొడుకు లైసిమాకస్‌కి వెండి, భూమి, దినభత్యం ఇచ్చారు. ఆ వంశంలోనే ఒకడు తర్వాతి కాలంలో కలలకు అర్థాలు చెబుతూ పొట్టపోసుకున్నాడని కూడా రాశాడు.

ఈ లైసిమాకస్ ముసలివాడయ్యాక ప్లేటో సంభాషణ 'లాకెస్'లో కనిపిస్తాడు. తనలాగే పెద్దనాయకుడి కొడుకైన మెలీసియాస్‌తో కలిసి, తమ కొడుకులకు ఏం నేర్పించాలో సలహా ఇమ్మని ఇద్దరు సేనానుల దగ్గరికి వస్తాడు. కవచం తొడిగి పోరాడే విద్య నేర్పిస్తే మంచిదా అని అడుగుతాడు. అడిగేముందు మొహమాటం వదిలి ఒక మాట బయటపెడతాడు. మేమిద్దరం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని భోంచేస్తాం, మా నాన్నలు యుద్ధంలో, రాజ్యపాలనలో చేసిన ఘనకార్యాలు బోలెడు చెబుతాం, మేం చేసింది చెప్పుకోవడానికి మాత్రం ఏమీ లేదు, పిల్లల ముందు సిగ్గుగా ఉంటుంది, దీనికి మేం మా నాన్నల్నే తప్పుపడతాం, వాళ్లు ఊరివాళ్ల పనులన్నీ చూసుకుంటూ ఎదిగే వయసులో మమ్మల్ని మా ఇష్టానికి వదిలేశారు అంటాడు.

చూశారా, 'న్యాయవంతుడి' కొడుకు. తండ్రి ఆస్తి మిగల్చలేదన్న మాట అతని నోట రాలేదు. లంచం ఎందుకు తినలేదని అడగలేదు. మా నాన్న మాతో లేడు అన్నాడు. ప్లేటో ఇంకో సంభాషణ 'మెనో'లో అరిస్టైడిస్ తన కొడుక్కి గురువులు నేర్పగలిగినవన్నీ ఏథెన్స్‌లో అందరికన్నా బాగా నేర్పించాడని ఉంది. చదువు చెప్పించాడు, అందులో లోటు చెయ్యలేదు. అయినా కొడుక్కి గుర్తున్నది తండ్రి లేకపోవడమే. ఆ రెండు మాటలూ ఒక ఇంట్లో ఒకేసారి నిజం కావచ్చు.

మీ ఉత్తరంలో నన్ను ఆగి ఆలోచించేలా చేసిన వాక్యం కూడా అలాంటిదే: "కుటుంబాన్ని ఊళ్లోనే ఉంచి నేనొక్కణ్ణే తిరిగాను." మీరు దాన్ని త్యాగంగా రాశారు. త్యాగమే. కానీ పదేళ్ల పిల్లాడికి అది ఎలా కనిపించి ఉంటుంది? ఆదివారం వచ్చి సోమవారం తెల్లారుజామున బస్సెక్కే నాన్న. నేను మీ ఇంట్లో మనిషిని కాదు, ఊహించి చెబుతున్నాను. కానీ ఫ్లాటు డబ్బు మాట వచ్చినప్పుడు నేరుగా మీ నిజాయితీ మీదికి వెళ్లాడంటే, ఆ మాట అంతకుముందు ఎన్నో ఏళ్లుగా అతని లోపల ఉండి ఉంటుంది. డబ్బు దాన్ని బయటకు లాగింది.

కాబట్టి అబ్బాయితో నిజాయితీని సమర్థించుకునే వాదనకు దిగకండి. అరిస్టాటిల్‌నీ, నేను చెప్పిన కథల్నీ అతని ముందు పెట్టకండి. ఫోన్లో వద్దు. వీలైతే వెళ్లి నాలుగు రోజులుండండి. మనుషులు కలిసి ఉప్పు తింటే తప్ప ఒకరినొకరు తెలుసుకోలేరన్న సామెతని అరిస్టాటిల్ స్నేహం గురించి రాసినచోట ఉదహరించాడు. మీ ఇద్దరూ కలిసి తిన్న ఉప్పు చాలా తక్కువ. ఆ రోజుల్లో ఇంట్లో ఎలా ఉండేదో అతన్ని అడగండి. జ్వరం వస్తే ఎవరు తీసుకెళ్లారు, స్కూల్లో తండ్రిని రమ్మన్న రోజున ఏమైంది అని అడిగి, మధ్యలో జవాబు చెప్పకుండా వినండి. అతనికి దూరంగా ఉన్నందుకు మీకు బాధగా ఉంటే ఆ మాట చెప్పండి. పర్సంటేజీ తీసుకోనందుకు మాత్రం క్షమాపణ చెప్పకండి, ఎంత మెత్తగానైనా సరే. ఈ రెండింటినీ మీ అబ్బాయి ఒకటిగా కలిపేశాడు, మీరూ కలిపేస్తే మళ్లీ విడదీసేవాళ్లు ఉండరు.

ఆ తర్వాత, అతను అడిగితే, మీ పనిలో మీకు సంతోషం కలిగిన ఒక రోజు గురించి చెప్పండి. గొప్పగా వద్దు. ఏ ఊళ్లో, ఏ పని, ఎవరు ఒత్తిడి చేశారు, మీరేం రాశారు, రాశాక ఎలా అనిపించింది. లైసిమాకస్ దగ్గర తండ్రి ఘనకార్యాల జాబితా ఉంది. తండ్రి ఆ పని చేస్తూ ఏమనుకున్నాడో అతని మాటల్లో ఎక్కడా లేదు. మీ మనవడు మీ పేరు పెట్టుకున్నవాడైతే అతన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. గ్రీకులకీ ఆ అలవాటు ఉండేది. లైసిమాకస్ కొడుకు పేరు కూడా అరిస్టైడిసే.

ఇక ఇల్లు. అమ్మవద్దు. ఔదార్యం ఇచ్చిన సొమ్ము ఎంతన్న దాంట్లో లేదు, ఇచ్చేవాడి స్థోమతకి తగ్గట్టు ఇవ్వడంలో ఉందన్నాడు అరిస్టాటిల్. ఇంకా ఇచ్చుకోవడానికి మిగలాలి కాబట్టి తన ఆస్తిని నిర్లక్ష్యం చెయ్యకూడదని కూడా అన్నాడు. పింఛనులోంచి మీకు ఇబ్బంది లేనంత ఏదైనా ఇవ్వగలిగితే ఇవ్వండి, అది తండ్రి కొడుక్కి ఇచ్చే సాయంగానే ఇవ్వండి. ఇన్నేళ్ల నిజాయితీకి జరిమానా కడుతున్నట్టు ఇస్తే అతను తీసుకున్నా మీరు సహించలేరు.

ఒక్క మాట మిగిలింది. మీ ఉత్తరంలో మీ ఆవిడ ప్రస్తావనే లేదు. నేను చెప్పిన గ్రీకు కథల్లోనూ అరిస్టైడిస్ భార్య గొంతు వినపడదు. స్త్రీల మాటకి వాళ్లు పెద్దగా చోటివ్వలేదు, అది వాళ్ల ఆలోచనలో పెద్ద లోటు. మీరు ఊళ్లు తిరిగిన ఆ ఏళ్లలో ఇద్దరి పనీ ఒంటి చేత్తో చేసింది ఆవిడ. ఆ రోజుల్లో మీ అబ్బాయి ఏమనుకునేవాడో ఆవిడకి తెలుసు. మీరు తేని డబ్బు ఏ నెలలో ఎక్కడ అవసరమైందో, లేకుండా ఎలా గడిచిందో కూడా ఆవిడకే తెలుసు. హైదరాబాద్ బయలుదేరేముందు ఆవిడతో కూర్చుని మాట్లాడండి. ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా, దాని గురించి ఆవిడ ఏమంటుందో వినకుండా అబ్బాయికి అవుననీ కాదనీ చెప్పకండి.